ఆడ బెట్టా తోక, అత్త పట్టిన దారం

మా అత్తకు కుడికంటి ఆపరేషన్ అయిన వారంలోనే మా ఇంట్లో ఆడ బెట్టా చేపల పంచాయితీ మొదలైంది.

నేను తిరుపతిలో బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో బుకింగ్ కౌంటర్లో పనిచేస్తాను. రోజంతా గది ఉందా, వేడినీళ్ళు వస్తాయా అనే మాటలే. ఇంటికొస్తే మాత్రం నా ప్రాణమంతా చేపల మీద. కిటికీ దగ్గర బల్ల మీద గాజు తొట్టిలో ఒక నీలం మగ బెట్టా ఉండేది. అది తోక విప్పిందంటే అచ్చం సగం చందమామ. ఆ రకాన్ని హాఫ్‌మూన్ అంటారు. దానికి అదే తోక ఉన్న ఆడదాన్ని జత చేసి పిల్లలు తీయాలని నా పిచ్చి.

చిక్కంతా ఆడదాన్ని గుర్తుపట్టడంలోనే ఉంది. మగవాటి తోక పట్టు పరికిణీలా పరుచుకుంటుంది, చూడగానే రకం చెప్పేయొచ్చు. ఆడవాటిది పొట్టి తోక. పైగా ముడుచుకునే తిరుగుతాయి. చేపల కొట్టతను కొత్తగా వచ్చిన సరుకులోంచి నాలుగు ఆడవాటిని తీసిచ్చి, "ఇవి ఏ రకమో నాకే తెల్దక్కా. ఆడదాని తోక ఎవురు సూస్తారు?" అన్నాడు. నాలుగింటినీ నాలుగు సీసాల్లో పెట్టుకున్నాను.

అప్పుడే అత్త కంటి ఆపరేషన్‌కని నగరి నుంచి వచ్చింది. నలభై ఏళ్ళు మగ్గం మీద కూర్చున్న మనిషి. కంట్లో శుక్లం ముదిరి, దారం కంటికి ఆనక, రెండేళ్ళ కిందట మగ్గం దిగేసింది. ఆపరేషన్ అయ్యాక వంగొద్దు, పొయ్యి దగ్గరికి పోవద్దు అన్నాడు డాక్టరు. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు. నల్లద్దాలు పెట్టుకుని కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, "ఏంది మే ఇది? ఊరగాయ పెట్టాల్సిన సీసాల్లో చేపలా?" అంది.

మూడో రోజు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆ కుర్చీ బల్లకు ఆనుకుని ఉంది.

"మే, ఇట్ల రా. ఈ ఎర్రదాని తోకలో నరాలు కనపడతాండాయి. ఒక్కో నరం కొసన రెండుగా సీల్తాండాది సూడు!"

సన్నటి గీత కంటికి ఆని ఎన్నాళ్ళయిందో ఆమెకు. ఆ గొంతులో సంబరం విని నాకూ ఊపొచ్చింది. చెప్పులు కూడా సరిగా విప్పకుండా పరుగెత్తి చేతి అద్దం తెచ్చి సీసాకు ఆనించాను. బెట్టా అద్దంలో తన బొమ్మను చూసుకుని, ఇంకో చేప వచ్చిందనుకుని కోపంతో తోక విప్పుతుంది. ఆ రెండు మూడు క్షణాల్లోనే మనం చూసుకోవాలి.

ముందు నల్లదానికి అద్దం పెట్టాను. "దీని తోక కొసలు బయటికి పొడుసుకొచ్చినాయి. దువ్వెన మాదిరి" అంది అత్త. నేను నిర్ఘాంతపోయాను. అది క్రౌన్‌టెయిల్ అనే రకం. ఆడదానికి ఆ ముళ్ళు మరీ చిన్నవి. తోక చిరిగిందేమో, నీళ్ళలో ఉప్పు వెయ్యాలా అని వారంగా దిగులు పడుతున్నాను నేను! తర్వాత పచ్చది. దాని తోక పై భాగం ఒకలా, కింది భాగం ఇంకొంచెం పొడుగ్గా జారి ఉంది. అది మామూలు వెయిల్‌టెయిల్.

నా ఆశంతా ఎర్రదాని మీదే. అది విప్పగానే, "ఇదే అత్తా, హాఫ్‌మూన్!" అని అరిచాను.

"ఉండు మే, తొందరపడొద్దు. హాఫ్‌మూనంటే ఎట్లుండల్ల?"

"తోక పై అంచు, కింది అంచు కలిపి ఒకే తిన్నని గీతలా ఉండాలి. ఏ మాత్రం లోపలికి వాలినా డెల్టా అంటారు."

"అయితే దారం తీసకరా."

కుట్టుపెట్టెలోంచి నల్లదారం తెచ్చిచ్చాను. రెండు చేతులతో దాన్ని నిలువునా బిగదీసి సీసాకు ఆనించింది. చేప జరిగితే దారమూ జరుగుతోంది. "లేదు మే. పై అంచు ఆనింది గానీ కిందది వాలినాది" అంది. ఇంకోసారి, ఇంకోసారి పెట్టించాను. ప్రతిసారీ అంతే. నా ఎర్రది డెల్టా. నాకు అన్నం కూడా సయించలేదు.

మిగిలింది తెల్లది. అది వెలిసిన గుడ్డ రంగులో, ఎప్పుడూ ఒక మూలకు నక్కి ఉండేది. తిరిగి ఇచ్చేద్దామనుకున్నదే. మర్నాడు పొద్దున నేను కాఫీ కలుపుతుంటే కిటికీ దగ్గర నుంచి కేక.

"మే! ఆనింది మే! రెండంచులూ ఆనినాయి!"

పాలు పొయ్యి మీదే వదిలేసి ఉరికాను. అత్త ఒక చేతిలో అద్దం ఎత్తి పట్టుకుని, దారం ఒక కొసను పంటితో, ఇంకో కొసను రెండో చేత్తో బిగబట్టి ఉంది. తెల్లది ముక్కు అద్దం వైపు పెట్టి, ఒళ్ళంతా బిగించి తోక విప్పింది. పై అంచు దారం మీద. కింది అంచు దారం మీద. మధ్యలో సగం చందమామ! నేను ఎగిరి గంతేశాను. మా ఆయన మొహాన సబ్బు నురగతో స్నానాల గదిలోంచి వచ్చి, "ఏమైంది, అమ్మ కంటికేమన్నా అయిందా?" అని కంగారుపడ్డాడు. "కంటికేం? బెమ్మాండంగా ఉండాది" అంది అత్త. ఆలోగా పాలు పొంగి పొయ్యంతా పారాయి.

వీడియో తీసి కొట్టతనికి పంపాను. వెంటనే ఫోన్ చేశాడు. "అక్కా, అది పొట్టితోక మగదేమో సూసినావా?" పొట్టితోక రకాన్ని ప్లకాట్ అంటారు. వాటిలో మగవాటిని ఆడవనుకుని మోసపోయేవాళ్ళు చాలామంది. ఆడదైతే పొట్ట కింద చిన్న తెల్లచుక్క ఉండాలి. తెల్ల చేప మీద తెల్లచుక్కను వెతకడం ఎలా? అత్త సీసా వెనక తన నల్ల రవికె గుడ్డ పెట్టించి, కాసేపు చూసి, "ఉండాది. ఆవగింజంత" అంది. కొట్టతను మాత్రం వదల్లేదు. ఆడదే అయినా అది ప్లకాట్ ఇంటిదో, పొడుగుతోక హాఫ్‌మూన్ ఇంటిదో తోక చూసి చెప్పలేమనీ, మగపిల్లలు పెరిగితేనే తేలుతుందనీ అన్నాడు.

సరే, తేల్చుకుందామని నీలందాని తొట్టిలోకి తెల్లదాన్ని వదిలాను. మగది నురగగూడు కట్టి, గుడ్లను నోటితో ఏరి అందులో పెట్టింది. ఆడదాన్ని వేరు చేశాం. గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాక, ఈకముక్కల్లా తోకలు కిందికి వేలాడేసి గూటికి అంటుకుని ఉంటే, వాటిని చూస్తూ చెకప్ అయిపోయినా అత్త ఇంకో పది రోజులు ఊరికి పోలేదు.

మూడు నెలలకు ఎడమకంటి ఆపరేషన్‌కు మళ్ళీ వచ్చింది. అప్పటికి బతికిన మగపిల్లలు పదకొండు, ఒక్కోటి ఒక్కో సీసాలో. నేను వరసగా అద్దం చూపిస్తూ పోయాను. ఒక్కదానికీ పొట్టితోక లేదు! అంటే తెల్లది పొడుగుతోక ఇంటిదే. నాలుగు మాత్రం కొంచెం వాలిన డెల్టాలు. ఏడింటి తోకలు తిన్నగా దారానికి ఆనాయి. అందులో ఒక నీలి తెల్లదైతే తోక విప్పి, మేమిద్దరం చాలనేంతవరకూ మూయనే లేదు.

"ఈ జతను నాకియ్యి మే" అంది అత్త దాన్నీ, దాని తోబుట్టువు ఆడదాన్నీ చూపించి. ఎడమకంటికి కట్టు విప్పిన వారానికి రెండు సీసాలను తడిగుడ్డలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని నగరి బస్సెక్కింది. సాయంత్రం ఫోన్ చేస్తే, పక్కసీటు ఆమెకు పుత్తూరు దాకా ఆడ బెట్టా తోకల రకాలు చెప్పుకుంటూ పోయిందట.