కంపెనీ కట్టిన ఫీజు

మీ గోడు మొత్తం విని, మీ దగ్గర ఒక్క పైసా తీసుకోని మనిషిని మీరు ఏ ధైర్యంతో నమ్ముతున్నారు? ఫీజు అడిగినవాణ్ని అనుమానంగా చూస్తారు, ఉచితమన్నవాడి ముందు ఇంటి గుట్టంతా విప్పి పెడతారు. ఆ ఉచితానికి డబ్బు ఎక్కడినుంచో వస్తూనే ఉంటుందన్న ఆలోచన, ఇన్నేళ్లు బతికిన మనకైనా రావద్దా?

పోయిన వారం మా చెల్లెలి మనవరాలు ఇంటికొచ్చింది. నేను చదివిన చదువే, క్లినికల్ సైకాలజీ, తనూ పూర్తిచేసింది. పటాన్‌చెరు చుట్టుపక్కల ఫ్యాక్టరీల కార్మికులకు ఫోన్‌లో కౌన్సెలింగ్ ఇచ్చే సంస్థ ఒకటి ఉద్యోగం ఇస్తానందని, ఆ ఉత్తరం ఫోన్‌లోనే చూపించింది. జీతం చూసి, మా కాలంలో ఇందులో పదోవంతు వచ్చినా ఊరంతా చెప్పుకునేదాన్ని కదా అనుకున్నాను. దాని కింద మరో వాక్యం ఉంది: సెలవులో ఉన్న కార్మికుడు త్వరగా పనిలోకి తిరిగొస్తే, మనిషికింత అని అదనపు సొమ్ము. పిల్ల దాన్ని బోనస్ అనుకుని మురిసిపోతోంది. నేను కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ మళ్లీ చదివాను.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఈ చదువుకు ఇంత జీతమని చెప్పేవారే లేరు. సంగారెడ్డిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నా కొలువుకు ఏ పేరు పెట్టాలో తెలియక, ఎక్స్‌రే తీసే అబ్బాయి కంటే కాస్త తక్కువకు నన్ను కుదుర్చుకున్నారు. పదో తరగతితో ఆపేసి ఫ్యాక్టరీలో ఆపరేటర్‌గా చేరిన మా మరిది ఓవర్‌టైమ్‌తో కలిపి నాకు రెట్టింపు తెచ్చేవాడు. ఆ సంగతి మా అత్తగారు భోజనాల దగ్గర ఏదో ఒక వంకతో గుర్తుచేసేది. సాయంత్రాలు పటాన్‌చెరులో ఒక మందుల షాపు వెనక గది కిరాయికి తీసుకుని సొంతంగా కూర్చున్నాను. మొదటగా వచ్చిన పెద్దాయన గంటన్నర తన బాధ చెప్పుకుని, కళ్లు తుడుచుకుని, ఫీజు మాట వినగానే కుర్చీలోంచి లేచాడు. "సూది ఎయ్యలే, గోలీ ఇయ్యలే, ముచ్చట వెట్టినందుకు గూడ పైసలా బిడ్డా? గంతసేపు మాట్లాడింది నేనే గద, నువ్వే నాకియ్యాలె!" అని నవ్వుతూ వెళ్లిపోయాడు. ఆయన మళ్లీ వచ్చాడు, మళ్లీ ఇవ్వలేదు.

జనం మాటకు డబ్బివ్వరని, కాగితానికి ఇస్తారని నాకు త్వరలోనే తెలిసింది. అదే మనిషికి తెలివితేటల పరీక్ష పెట్టి, ముద్ర వేసిన రిపోర్టు చేతిలో పెడితే, దాన్ని మడతపెట్టి జేబులో పెట్టుకుని మారుమాట లేకుండా చెల్లించేవాడు. పింఛనుకు కాగితం, బడికి కాగితం, కోర్టుకు కాగితం. నా ఆదాయం నా చెవుల మీద కాక నా సంతకం మీద నిలబడింది. సంతకాన్ని కొనేవాళ్లు ఉంటారని అప్పుడే అనుమానించాల్సింది.

గడ్డపోతారంలో మందులకు ముడిసరుకు తయారుచేసే ఒక ఫ్యాక్టరీ నుంచి పిలుపు వచ్చింది. నెలకు రెండు రోజులు కూర్చుని, పనిలో నలతగా ఉన్నవాళ్లతో మాట్లాడి, ఒక్కొక్కరి మీద రిపోర్టు రాయాలి. కార్మికులు ఏమీ ఇవ్వక్కర్లేదు, కంపెనీ నెలనెలా ఇస్తుంది, జీపు పంపిస్తుంది. ఆ నెలవారీ సొమ్ము మీద ధైర్యంతోనే కిష్టారెడ్డిపేటలో వాయిదాల మీద చిన్న ప్లాటు తీసుకున్నాం. మా అత్తగారు మరిది జీతం ఊసెత్తడం మానేసింది.

ఆ ఫ్యాక్టరీలో కర్దనూర్ నుంచి వచ్చే ఒక కార్మికుడు ఉండేవాడు, ముప్పై దాటిన మనిషి. చేతులు వణుకుతున్నాయి, అడుగు తడబడుతోంది, మాట మధ్యలో మరచిపోతున్నాడు, కారణం లేకుండా ఏడుస్తున్నాడు. ఊళ్లో దానికి బాణామతి అని పేరు పెట్టేశారు. ఆ చేతబడి చేసింది అతని అన్న భార్యేనని తేల్చి, ఆమెను చెట్టుకు కట్టేస్తామని బెదిరిస్తున్నారు. నా రక్తం మరిగింది. బాణామతి అబద్ధమని ఊరూరా సభలు పెట్టిన తండ్రికి పుట్టినదాన్ని, ఎదుటివాడి వాదం చివరిదాకా విని అప్పుడు పడగొట్టాలని ఆయన దగ్గర నేర్చుకున్నదాన్ని. ఆదివారం కర్దనూర్ వెళ్లి, అందరి మధ్యా నిలబడి, రెండు గంటలు వాదించాను. ఇది ఎవరూ చేసింది కాదు, మనసుకొచ్చిన జబ్బు అని ఒప్పించాను. ఆ వదినమ్మ మీద చెయ్యి పడకుండా ఆపాను. దానికి ఈనాటికీ గర్వపడతాను.

ఆ గర్వంతోనే మర్నాడు ఫ్యాక్టరీకి రిపోర్టు రాశాను: జబ్బు మానసికమైనది, శారీరక కారణం లేదు. శరీరం సంగతి తేల్చే అర్హత నా చదువుకు లేదన్నది ఆ క్షణాన నాకు తట్టలేదు. అతని చిన్నతనం గురించి, నిద్ర గురించి, అన్నదమ్ముల గొడవల గురించి ఎన్నో ప్రశ్నలు వేసినదాన్ని, రోజంతా ఏ పని దగ్గర నిలబడతావని ఒక్కసారీ అడగలేదు.

ఆ నెల మేనేజరు నేను అడగకుండానే నా సొమ్ము పెంచాడు. ఇంటికి వచ్చే దారంతా జీపులో ఆ సొమ్ము కవరు ఒళ్లో పెట్టుకుని, ఎందుకు పెంచినట్టు అని ఆలోచిస్తూనే ఉన్నాను. జవాబు పది రోజులకు పటాన్‌చెరు గదికి నడిచొచ్చింది. వచ్చింది ఆ కర్దనూర్ కార్మికుడి భార్య.

"నీ కాగితం జూపిచ్చి నౌకరి తీసేసిండ్రు మేడం. దవాఖాన ఖర్చు గూడ మాది గాదన్నరు" అంది. కూర్చోమన్నా కూర్చోలేదు. "ఆయన ఆదివారం ఇంట్ల ఉంటే వణుకు జెర తగ్గేది, సోమవారం డ్యూటీకి పోంగనే మళ్ల మొదలయ్యేది. మనసు రోగానికి గూడ ఆదివారం సెలవుంటదా? ఊరోళ్లు మా యారాలి మీద వెట్టిండ్రు. నువ్వేమో మా ఆయన మనసు మీద వెట్టినవ్. ఆ ఫ్యాక్టరీ డ్రమ్ముల వాసన మీద ఎవ్వరు వెట్టరేంది?"

ఏ సభలోనూ నన్నెవరూ అంత తేలిగ్గా ఓడించలేదు. తన తోడికోడలిని కాపాడిన నన్ను ఆమె మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. జవాబు కోసం నిలబడింది.

ఫ్యాక్టరీకి వెళ్లి నా రిపోర్టు ప్రతి ఇమ్మన్నాను. మేనేజరు చాయ్ తెప్పించి, చాలా మర్యాదగా, "ఫీజు మేమిచ్చినం గద మేడం, కాగితం మాది. మీరెందుకు పరేషాన్ అయితరు?" అన్నాడు. ఆ సాయంత్రమే కొత్త కాగితం రాశాను. నా మొదటి అభిప్రాయం తప్పని, శారీరక కారణం లేదనడం నా అర్హతకు మించిన మాటని, ఇతణ్ని నరాల డాక్టరుకు చూపించాలని, పనిచేసే చోటి రసాయనాలను పరీక్షించాలని రాసి ఆమె చేతికే ఇచ్చాను. హైదరాబాద్‌లో నరాల డాక్టరు చూసి, రోజూ పీల్చిన రసాయనాల ఆవిరి నరాల మీద పనిచేసినట్టుందని చెప్పాడు. మరుసటి నెల జీపు రాలేదు. ప్లాటు అమ్మేశాం. అనాల్సిన మాటలు మా అత్తగారు అందరి వంతూ తనే అంది.

అయినా నేను చేసిన నష్టం పూర్తిగా పూడలేదు. ఆ భార్యాభర్తలు వేసిన పరిహారం కేసులో కంపెనీ వకీలు నా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఈమె ఏ మాట నమ్మమంటారని అడిగాడు. చివరికి వాళ్లు అడిగినదాంట్లో చిన్న ముక్కకు రాజీపడ్డారు. అతను నడక కూడదీసుకున్నాడు కానీ, చొక్కా గుండీలు ఈనాటికీ భార్యే పెడుతుంది.

ఇప్పుడు ఆ ఊళ్లలో బాణామతి మాట వినపడటం తగ్గింది. నా తండ్రి ఉంటే సంతోషించేవాడు. నాకు మాత్రం ఆ సంతోషం పూర్తిగా అందడం లేదు. చేతులు వణికితే ఒత్తిడి అంటున్నారు, నిద్రపట్టకపోతే ఒత్తిడి అంటున్నారు, ఊపిరాడకపోయినా అదే మాట. ఎవరూ ఎదురడగకుండా అందరి నోటా తిరిగే మాటంటే నాకు చిన్నప్పటినుంచీ అనుమానమే. మా చదువుకు విలువ పెరిగింది, జీతాలు పెరిగాయి, దానికి ఆనందమే. కానీ మా పిల్ల ఉత్తరంలోని ఆ మనిషికింత సొమ్ము తలచుకుంటే, ఆనాడు జీపులో నా ఒళ్లో ఉన్న కవరే గుర్తొస్తోంది. మాట్లాడినందుకు నాకే ఇయ్యాలె అని నవ్వుతూ బేరమాడిన ఆ పెద్దాయన వంటి మనుషులు మాత్రం ఇప్పుడు కనపడరు. ఆయన ఫీజు ఎగ్గొట్టినా, నా ఎదురుగా కూర్చుని ఎగ్గొట్టాడు; మా ఇద్దరి మధ్యా మూడో మనిషి లేడు.

మీ ఇంట్లో కొడుకో, కోడలో, అల్లుడో ఫ్యాక్టరీకి వెళ్తున్నారా? వాళ్లకు కంపెనీ ఉచితంగా కౌన్సెలింగ్ ఇస్తోందా? అయితే ఈ రాత్రి భోజనాల దగ్గరే చెప్పండి: మొదట ఏ పని దగ్గర నిలబడుతున్నామో తామే చెప్పమనండి, అవతలివాళ్లు అడిగేదాకా ఆగొద్దనండి. తర్వాత, తమ గురించి రాసిన ప్రతి కాగితం నకలు తమ చేతికి ఇమ్మని అడగమనండి. ఇవ్వకపోతే దేనిమీదా సంతకం పెట్టొద్దనండి, లేచి రమ్మనండి.