చెకింగమ్మ పిండి సీసా

చెకింగమ్మ ఇంట్లో దొంగతనం జరిగింది. పోయింది నగా కాదు, నట్రా కాదు. వంటింటి గట్టు మీద గాజు సీసాలో పెట్టిన పిండి. అదైనా మొత్తం పోలేదు, రెండు వేళ్ళ మందం పోయింది. ఇంకెవరైనా అయితే ఆ సంగతి గమనించేవారే కాదు, గమనించినా పోతే పోయిందిలే అనుకునేవారు. ఊరుకోవడం అన్నది చెకింగమ్మ ఒంట్లో లేదు.

ఆవిడ ముప్ఫయ్యొక్క ఏళ్ళు సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసింది. దారిలో ఏదో ఒక స్టాపులో ఎక్కడం, అందరి టికెట్లూ చూడటం, లేనివాళ్ళని దింపి జరిమానా రసీదు రాయడం. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు తగ్గిపోయి, చివరికి వీధిలో కూడా చెకింగమ్మే అయిపోయింది. రిటైరై ఏడాదైంది గానీ ఆ చూపు రిటైరు కాలేదు. పాల ప్యాకెట్టు మీద తేదీ చదువుతుంది, ఆ తేదీని నమ్మక వాసన కూడా చూస్తుంది. కూరల బండి దగ్గర తక్కెడ వైపు చూడదు, తూచేవాడి చిటికెన వేలి వైపు చూస్తుంది. లిఫ్టులో కొత్త మనిషి కనబడితే ఏ అంతస్తు, ఎవరింటికి అని ఆరా తీసి గానీ వదలదు. మాట కటువు గానీ మనసు వెన్న అని ఇలాంటివాళ్ళ గురించి అంటారు చూడండి, అది నేననను. మాటా కటువే, చూపూ కటువే. ఒక్కటి మాత్రం నిజం, టికెట్టు ఉన్నవాళ్ళకి ఆవిడ ఏనాడూ రసీదు రాయలేదు.

ఈ పిండి గొడవంతా కోడలి వల్లే వచ్చింది. అంటే ఆ పిల్ల ఏదో చేసిందని కాదు, ఆ పిల్ల కోసం మొదలైందని. కొడుక్కి పెళ్ళయి ఆర్నెల్లు. కోడలు కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. పొద్దున ఆరింటికి వెళ్ళి మధ్యాహ్నం రెండింటికి ఇల్లు చేరుతుంది. మాట తక్కువ. కాపురానికి వచ్చిన కొత్తలో, నీకేం ఇష్టమే అని అత్తగారు అడిగితే, "గార్లిక్ బ్రెడ్డండీ, వీధి చివర బేకరీలో బాగుంటుంది" అంది.

"బేకరీలోనా? వాళ్ళు పూసేది వెన్నో, ఇంకేం పాడో ఎవరు చూశారు? ఎప్పటి వెల్లుల్లో ఏమో. నేనే చేసిపెడతాను" అంది చెకింగమ్మ.

అంది కానీ ఎలా చెయ్యాలో తెలియదు. ఆవిడతో కలిసి పనిచేసి రిటైరైన డ్రైవరొకాయన ఇంట్లోనే సోర్‌డో బ్రెడ్డు చేస్తాడు. ఈస్టు వెయ్యడు, పులిసిన పిండితోనే పొంగిస్తాడు. ఆయన దగ్గరికి వెళ్ళి ఆ పులిసిన పిండి ఓ గరిటెడు తెచ్చుకుంది.

"రోజూ పొద్దున పాతది కాస్త తీసేసి, కొత్త పిండీ నీళ్ళూ సమంగా వెయ్యక్కా. పొంగుతుంది. పొంగిందంటే బతికున్నట్టే" అన్నాడు డ్రైవరు. అంతే చెప్పాడు. డ్రైవర్లతో ఇదే చిక్కు, మనం సరిగ్గా ఎక్కామో లేదో చూసుకోకుండా బండి తీసేస్తారు.

మొదటి బ్రెడ్డు ఇటుకలా వచ్చింది. రెండోది కొంచెం మెత్తటి ఇటుక. మూడోది మాత్రం పైన పెళుసుగా, లోపల గుల్లగా భేషుగ్గా వచ్చింది. దాన్ని అడుగు దాకా తెగనియ్యకుండా ముక్కలుగా కోసింది. మెత్తబడిన వెన్నలో సన్నగా తరిగిన వెల్లుల్లి, ఉప్పు, కొత్తిమీర కలిపి ముక్కకీ ముక్కకీ మధ్య కూరింది. రేకు కాయితంలో చుట్టి అవెన్‌లో పెట్టింది, చివరి అయిదు నిమిషాలు కాయితం విప్పింది. ఆ వాసనకి పక్కింటావిడ ఏదో వంకతో తలుపు తట్టింది. కోడలు నాలుగు ముక్కలు తిని, వేళ్ళకంటిన వెన్న కూడా నాకింది. పిల్ల మనకి మచ్చికవుతోంది అనుకుని చెకింగమ్మ లోలోపల మురిసిపోయింది.

అక్కడితో ఆగితే బాగుండేది. అప్పటిదాకా పిండి స్టీలు డబ్బాలో ఉండేది. మూత పెట్టాక లోపల ఏం జరుగుతోందో కనబడని వస్తువు ఆవిడకి నచ్చదు. అందుకని గాజు సీసాలోకి మార్చింది. సోమవారం పొద్దున ఏడింటికి పిండీ నీళ్ళూ వేసింది. పన్నెండయ్యేసరికి రెండింతలు పొంగింది. ఎంత పొంగిందో గుర్తుండాలని సీసా మీద నల్ల స్కెచ్ పెన్నుతో గీత గీసింది. భోంచేసి ఒంటిగంటన్నరకి నడుం వాల్చి, నాలుగింటికి లేచి చూస్తే పిండి గీతకి రెండు వేళ్ళు కిందుంది.

కొడుకు ఆఫీసు నుంచి వచ్చేది ఏడింటికి. రెండింటికీ నాలుగింటికీ మధ్య ఇంట్లో మెలకువగా ఉన్నది ఒక్కరే.

మంగళవారం కూడా అంతే. బుధవారం ఇంకాస్త ఎక్కువే దిగింది. ఏం చేస్తోంది ఆ పిండిని? కోడలి పుట్టిల్లు రెండు వీధుల అవతలే. వాళ్ళమ్మకి ఇస్తోందా? ల్యాబులో స్నేహితురాలికా? అడిగితే ఇవ్వనా, ఈ చాటుమాటు పనులెందుకు? బుధవారం సాయంత్రం కోడలు బట్టలు మడతపెడుతుంటే చున్నీ అంచున తెల్లటి మరక కనబడింది. చెకింగమ్మ దగ్గరికెళ్ళి వేలితో రాసి చూసింది. పొడి.

"ఏమిటే ఇది?"

"పనిలో అంటిందండీ" అంది కోడలు, తలెత్తకుండా.

తలెత్తకుండా మాట్లాడేవాళ్ళ సంగతి చెకింగమ్మకి తెలియనిదా? నా దగ్గరా నీ పప్పులుడికేది, అనుకుంది.

గురువారం కళ్ళు మూసుకుని పడుకుంది గానీ చెవులు వంటింట్లోనే ఉన్నాయి. రెండుంబావుకి గుమ్మంలో చెప్పులు విప్పిన చప్పుడు. రెండూ ఇరవైకి సీసా మూత చప్పుడు. చెకింగమ్మ పిల్లిలా లేచి వెళ్ళి వంటింటి గుమ్మంలో నిలబడింది. కోడలు గట్టు దగ్గర ఉంది. ఎడమ చేతిలో సీసా, కుడి చేతిలో చెంచా, చెంచాకి పిండి. అడ్డంగా దొరికిపోయింది.

ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. చెకింగమ్మ చెయ్యి చాచి సీసా తీసుకుంది, గీతకి ఎంత కిందుందో చూసింది, వెళ్ళి తన గదిలో పెట్టుకుంది.

రాత్రి భోజనాల దగ్గర కొడుకు ముందు కేసు విప్పింది. సోమవారం ఇంత, మంగళవారం ఇంత, బుధవారం ఇంత. చున్నీ మీద పొడి. గురువారం రెండూ ఇరవైకి చెంచాతో సహా. కోడలు ఎదురుగానే కూర్చుని ఉంది. ఆ పిల్ల వైపు చూడనైనా చూడకుండా, ఆ పిల్ల ఆ ఊళ్ళోనే లేనట్టు, అంతా కొడుక్కే చెప్పింది. "కావాలంటే అడగాలి. అడక్కుండా తీస్తే దాన్నేమంటారో నువ్వే చెప్పరా" అని ముగించింది.

కొడుకు పెళ్ళాం వైపు చూశాడు. "నువ్వు తీశావా?"

"లేదండీ" అంది కోడలు. కంచం ముందు నుంచి లేచిపోయింది.

తెల్లారి చిన్న బ్యాగు సర్దుకుని, "కొన్నాళ్ళు మా అమ్మ దగ్గరుంటానండీ" అని వెళ్ళిపోయింది. శనివారం పొద్దున కొడుకూ అక్కడికే బయల్దేరాడు. గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ, "నువ్వు బస్సు దిగి ఏడాదైందమ్మా. మేము ప్యాసింజర్లం కాదు" అన్నాడు. వాడు అరిచినా బాగుండేది. మెల్లిగా అన్నాడు.

ఇల్లు బోసిపోయింది. ఏం తోచక, అలవాటు కొద్దీ ఏడింటికి సీసాలో పిండీ నీళ్ళూ వేసింది. పన్నెండింటికి పొంగింది. గీత గీసింది. ఆ రోజు నిద్ర రాలేదు. కుర్చీ లాక్కుని సీసా ఎదురుగా కూర్చుంది.

ఒంటిగంటకి పిండి గీత మీదే ఉంది. రెండింటికి నడిమిభాగం కాస్త గుంటపడింది. చెకింగమ్మ కళ్ళద్దాలు తుడుచుకుంది. రెండున్నరకి అంచు సీసాని వదిలింది, దిగినమేరా గాజు మీద జిగురు చారలు. మూడున్నరకి గీతకి రెండు వేళ్ళ కింద ఉంది. తలుపు గడియ వేసే ఉంది. ఇంట్లో ఆవిడ తప్ప నరమానవుడు లేడు.

డ్రైవరుకి ఫోను చేసింది. "తమ్ముడూ, ఈ పిండి పొంగాక దిగుతుందా?"

"దిగదా మరి? ఆకలేస్తే దిగుతుంది. మళ్ళీ వేస్తే పొంగుతుంది. ఇదేమడుగుతావక్కా" అని నవ్వాడు.

"ఆ మాట ముందే చెప్పి ఏడవచ్చు కదా" అని ఫోను పెట్టేసింది. పెట్టేశాక, తప్పు డ్రైవరుది కాదని ఆవిడకే అనిపించింది. ఏ తప్పూ చెయ్యని పిల్లని భర్త ముందు దొంగని చేసింది. రసీదైతే చింపేస్తే పోయేది, నోట్లోంచి వచ్చిన మాటని ఏం చేస్తుంది? అయితే ఒక నలుసు మాత్రం కంట్లో అలాగే ఉంది. పిండి దానంతటదే దిగింది, సరే. మరి ఆ చెంచా ఏమిటి?

ఆదివారం బ్రెడ్డు కాల్చింది. సోమవారం పొద్దున దాన్ని కోసి వెల్లుల్లి వెన్న కూరి, మళ్ళీ అవెన్‌లో పెట్టి, వేడివేడిగా డబ్బాలో పెట్టుకుని బస్సెక్కి ల్యాబుకి వెళ్ళింది.

అదొక పొడుగాటి గది. గోడ వెంట బల్లల మీద తెల్లటి ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పోసిన దవడల అచ్చులు వరసగా ఉన్నాయి, ఒక్కోదానికీ ఒక నంబరు చీటీ. రెండో బల్ల దగ్గర కోడలు రబ్బరు గిన్నెలో తెల్లటి పొడి కలుపుతోంది. మోచేతుల దాకా అదే తెలుపు. చున్నీ మీద మరక ఏమిటో చెకింగమ్మకి వేరే చెప్పక్కర్లేకపోయింది.

"అత్తయ్యా, మీరా? ఆయనకేమైనా అయిందా?" కోడలు గాభరాగా లేచింది.

"వాడికేం కాలేదు. పిండి నువ్వు తియ్యలేదు. అదే దిగుతోంది. నేను కూర్చుని చూశాను. తప్పు నాదే."

"తెలుసండీ, అదే దిగుతుందని."

"తెలుసా? మరి చెప్పలేదేం?"

"చెప్తే నమ్మేవారా?"

చెకింగమ్మ నమ్మేది కాదు. "మరి చెంచా ఎందుకు పెట్టావు?" అంది చివరికి. అడక్కుండా ఉండలేకపోయింది.

"నేను రెండింటికి వచ్చేసరికి గీత కిందికి ఉండేదండీ. మీరు లేచి చూస్తే నన్నే అంటారని అందులో పొడి పిండి కలిపేదాన్ని. మీ పొడి పిండి డబ్బాలోది తీస్తే అదీ తెలుస్తుందని వేరే ప్యాకెట్టు కొనుక్కున్నాను. రెండు చెంచాలు వేసి తిప్పేసరికి గాలి పోయి ఇంకా దిగిపోయేది. ఇంకో చెంచా వేసేదాన్ని. ఎంత వేసినా గీత దాకా వచ్చేది కాదు."

పక్క బల్ల దగ్గరమ్మాయి చేతిలో పని ఆపేసింది.

బస్సులో టికెట్టు ఉన్నవాళ్ళు కూడా ఆవిడ ఎక్కగానే జేబులు తడుముకునేవారు. అది చూసి ముప్ఫయ్యొక్క ఏళ్ళూ గర్వపడింది. తన ఇంట్లో ఒక పిల్ల ఆర్నెల్లుగా అలా తడుముకుంటూ బతుకుతోందని ఆవిడకి ఇప్పుడు తెలిసింది. సిగ్గుతో తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఇంటికి రావే" అంది.

కోడలు గిన్నె పక్కన పెట్టింది. "రేపు ఇంట్లో ఇంకేదైనా తగ్గితే ముందు ఎవరివైపు చూస్తారండీ?"

నీవైపు చూడనని చెప్పడం ఎంత తేలిక. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. "నీవైపే చూస్తానేమోనే. ఈ పాడు అలవాటు ఒక్కరోజులో పోదు" అంది చెకింగమ్మ.

కోడలు ఆవిడ మొహంలోకి చూసింది. "చూస్తే చూడండి. కానీ ఆయనకి చెప్పకండి. నన్నడగండి. అడిగితే నాకు కోపమొస్తుంది, గట్టిగా మాట్లాడతాను. మీరు పడాలి."

"పడతాను."

"అయితే ఇప్పుడే పడండి" అంది కోడలు. ఆ తెల్ల చేతుల్తోనే కళ్ళు తుడుచుకుని మొదలుపెట్టింది. దొంగనా నేను, అంది. నా ఎదురుగా కూర్చుని నావైపు చూడకుండా ఎలా మాట్లాడారు, అంది. ఆ రాత్రి అన్నం వదిలేసి వెళ్తే ఒక్కరైనా గది తలుపు తట్టారా, అంది. లేస్తే అనుమానం, కూర్చుంటే అనుమానం, స్నానానికి ఎంతసేపు పట్టిందో కూడా మీకు లెక్కే, అంది. గొంతు పెరిగింది. గదిలో పనిచేసేవాళ్ళంతా ఒక్కొక్కరే ఇటు తిరిగారు. చెకింగమ్మ డబ్బా రెండు చేతులా పట్టుకుని నిలబడి వింది. డబ్బా అడుగున వెచ్చదనం పోయేదాకా వింది.

కోడలు ఊపిరి తీసుకోవడానికి ఆగింది.

"ఇంకా ఉన్నాయా?" అంది చెకింగమ్మ.

"చాలా ఉన్నాయి" అంది కోడలు, ముక్కు ఎగబీల్చుకుంటూ. "మిగతావి ఇంటికెళ్ళాక చెప్తాను."