కొండ బంగళా కిటికీ

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి. మధ్యలో నవ్వితే నాకు చిరాకు. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు... నాకు జరిగింది. దీపం మీద ఒట్టు వేస్తాను, అన్నం మీద వేస్తాను. పిల్లల మీద మాత్రం వెయ్యను. ఇదంతా వాళ్ళ కోసం పోయి తెచ్చుకున్నదే కదా.

నేను పిరికిదాన్ని కానని మీ అందరికీ తెలుసు. పెరట్లో పాము కనిపిస్తే మగాళ్ళని కేకెయ్యను. కర్ర నేనే తెచ్చుకుంటాను.

అప్పటికి మా ఆయన విజయనగరంలో ప్లీడరీ మొదలుపెట్టి కొన్నేళ్ళయింది. ఒక రోజు ఎవరో దొర ఇంట్లో గోడకున్న బొమ్మ చూసి వచ్చారు. ఏదో చలి దేశమట. కొండంతా మంచు. పిల్లలూ పెద్దలూ కాళ్ళకి పొడుగాటి చెక్కలు కట్టుకుని జర్రున కిందికి జారుతున్నారట. ఆ రోజు నుంచి మా ఇంట్లో అదే భాగవతం.

"క్రిస్మస్ సెలవలకి మనమూ ఎల్దామే. పిల్లల్ని కొండ మీదకి తీసికెల్దాం" అన్నారు.

"మనకి మంచెక్కడిదండీ?"

"అరకు వైపు తెల్లారేసరికి గడ్డి అంతా తెల్లగా ఉంటాదట. జారడానికి ఆ గడ్డి సాలదేటి?"

అన్నంత పనీ చేశారు. వడ్రంగిని పిలిచి రెండు పొడుగాటి చెక్కలు చిత్రిక పట్టించారు. ముందు కొసలు పైకి వంపు తిప్పించారు. పడవ చేయిస్తున్నారా అని వీధిలో వాళ్ళు అడిగితే, నేను సిగ్గుతో లోపలికి పోయాను.

మన్నెం జ్వరం వస్తుందని మా అత్తగారు గోల పెట్టారు. అది వానాకాలం మాట, చలికాలంలో ఏమీ కాదని నేనే సర్దిచెప్పాను. నా దిగులు వేరు. మా చిన్నాడికి అప్పుడు నాలుగేళ్ళు. చల్లగాలి తగిలితే చాలు, ఆయాసం. ఛాతీలో పిల్లికూతలు. రాత్రంతా వాణ్ణి కూర్చోబెట్టి పట్టుకోవాలి. అంతకు ముందేడు ఒకసారి పెదవులు నీలంగా అయిపోయాయి.

అందుకే ఒక షరతు పెట్టాను. "ముందు మనిద్దరం ఎల్లి సూసొద్దాం. ఆ గదిలో నేనో రాత్రి పడుకుంటాను. ఎచ్చగా ఉంటేనే పిల్లలు."

శృంగవరపుకోట దాకా బండి. అక్కడి నుంచి నాకు డోలీ, ఆయనకి నడక. చెక్కలు కూలివాడి నెత్తిన. అనంతగిరి దాటాక, ఎవరో దొర కాఫీ తోట కోసం కట్టుకుని వదిలేసిపోయిన బంగళా ఉంది. మా ఆయన స్నేహితుడొకాయన మాట్లాడిపెట్టాడు. కాపలాకి సుక్రయ్య అని అక్కడి కొండమనిషే, నడివయసువాడు.

పొద్దు గుంకేలోగా బంగళాని ఒక దారికి తెచ్చాను. పెద్ద గది ఎంచుకున్నాను. గోడలో పొగగూడు ఉంది కానీ గబ్బిలాలు దూరుతున్నాయని ఇటుకలతో మూసేశారు. కిటికీ ఒక్కటే. ఇనప ఊచలు, లోపలికి తెరుచుకునే చెక్క తలుపులు. పొగమంచు అంతా దాని లోంచే వస్తోంది. గడియ చూస్తే తుప్పు. నేను రెండు చేతులా తోశాను, కదల్లేదు. మా ఆయన రాయి తెచ్చి కొట్టి కొట్టి వేశారు. సందుల్లో పాత గుడ్డలు కుక్కేశాను. గాలన్నది దూరితే ఒట్టు!

"సుక్రయ్యా, పెద్ద కుంపటి కావాలి. బొగ్గులు నిండుగా పొయ్యి."

"అలగేనమ్మా. పెట్టేసి నాను ఊర్లోకెల్పోతాను. రేత్రి ఇక్కడుండను."

"ఏం? దెయ్యాలున్నాయా?"

సుక్రయ్య నవ్వాడు. "లేదమ్మా. ఊర్లో ఆట ఉంది. పెల్లి."

కుంపటి గది నడిమధ్య పెట్టించాను. కాసేపటికి గది గోరువెచ్చగా అయిపోయింది. నాకు గర్వం ఆగలేదు. "సూసారా! సిన్నాడి మంచం ఇదిగో, ఇక్కడ. కుంపటి పక్కనే. ఆయాసం లేదు, ఏటీ లేదు."

"నువ్వు కుదిరిందన్నాక ఇంకేటుంది. ఖాయం" అని మా ఆయన గొంగడి ముసుగు పెట్టేశారు.

దూరంగా ఊళ్ళో డప్పులు... చాలాసేపు వింటూ పడుకున్నాను. ఎప్పుడో ఆగిపోయాయి. తర్వాత ఏ చప్పుడూ లేదు. బొగ్గులు మాత్రం చిట్... చిట్... అంటున్నాయి.

ముఖం మీద చల్లగా తగిలి లేచాను.

కిటికీ బార్లా తెరిచి ఉంది.

గాలికి తెరుచుకుందనుకున్నాను. ఆయన్ని లేపాను. ఆయన విసుక్కుంటూ మళ్ళీ రాయితో గడియ కొట్టారు. అంతటితో ఊరుకోక, జారుడు చెక్క ఒకటి తెచ్చి, ఒక కొస తలుపుకీ ఒక కొస నేలకీ ఏటవాలుగా బిగించారు. "ఇప్పుడు ఏనుగొచ్చినా తెరవలేదు. పడుకో." నేను గుడ్డలు మళ్ళీ కుక్కి పడుకున్నాను.

రెండోసారి మెలకువ వచ్చేసరికి తల బరువు. మామూలు బరువు కాదు. నోరు పిడచకట్టుకుపోయింది. లేద్దామంటే కాళ్ళు నావి కావు. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. కుంపటి ఎర్రగా ఉంది. ఆ వెలుగులో కిటికీ కనిపిస్తోంది.

కిర్ర్...

గడియ.

ఆగింది. మళ్ళీ... కిర్ర్... ఇంకొంచెం.

ఇక్కడ మీరు సరిగ్గా వినండి. గడియ వచ్చాక చెక్క కదిలింది. పడలేదు. పడితే దభీమని మోగేది కదా. అది లేచింది... మెల్లగా... గోడ వైపు జరిగింది... గోడకి ఆనింది. పడుకున్న పిల్లాడు లేవకుండా తల్లి సామాను సర్దినట్టు. గుడ్డలు ఒక్కొక్కటే జారి కింద పడ్డాయి. తలుపు రెక్కలు లోపలికి తెరుచుకున్నాయి. అక్కడ మనిషి లేడు. చెయ్యి లేదు. నీడ కూడా లేదు. ఉంటే చెప్తాను కదా, నాకు దాచడం ఎందుకు?

నాకు భయం వేసిందనుకుంటున్నారేమో. కోపం వచ్చింది! చిన్నాడు గదిలో లేడన్న సంగతే మరిచిపోయాను. "మూసీ! పిల్లాడికి సలి!" అని అరవబోయాను. గొంతు పెగల్లేదు.

మంచు లోపలికి వచ్చింది. నా ముఖం మీదికి వచ్చింది. ఆ చల్లగాలి రెండు మూడు సార్లు పీల్చాక చేతుల్లోకి ప్రాణం వచ్చింది. ఆయన్ని కుదిపాను. లేవలేదు. చెంప మీద కొట్టాను. లేవలేదు... అప్పుడు వేసింది భయం. ఏడుస్తూ, తిడుతూ, ఆయన్ని రెండు జబ్బలూ పట్టుకుని వరండాలోకి ఈడ్చుకుపోయాను. అక్కడ ఆయన భళ్ళున వాంతి చేసుకుని కళ్ళు తెరిచారు.

"ఏటే... ఏటి సేత్తన్నావు?" అన్నారు.

ఆ మాట కంటే తియ్యటి మాట నేనెప్పుడూ వినలేదు.

తెల్లారేదాకా ఒకే గొంగడి కప్పుకుని వరండాలోనే కూర్చున్నాం. వెలుగు వచ్చేసరికి ఎదురుగా గడ్డి అంతా తెల్లగా ఉంది. సుక్రయ్య వచ్చాడు. ఈ బంగళాలో ఎవరైనా చచ్చిపోయారా అని అడిగేశాను.

"ఇక్కడెవులూ పోలేదమ్మా. దొర ఒక్కడే ఉండీవోడు. ఆడూ కులాసాగా ఎల్పోనాడు."

లోపలికి పోయి చూశాం. చెక్క గోడకి ఆనించి ఉంది. గడియ తీసి ఉంది. నేను తోశాను, కదల్లేదు. ఆయన చేత్తో తోశారు, కదల్లేదు. రాయి కావలసి వచ్చింది.

విజయనగరం వచ్చాక డాక్టరుని అడిగితే ఆయన నెత్తి కొట్టుకున్నాడు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటారా, ఆ గాలి విషం కదా, ఇంకాసేపు అలాగే ఉంటే ఇద్దరూ లేచేవారు కాదు అన్నాడు. మా ఆయనకి దారి దొరికింది. "ఆ మత్తులో నువ్వే తెరిసుంటావు. కలనుకున్నావు" అన్నారు. సరే, కావచ్చు. మరి గడియ? రాయి లేకుండా నా చేత్తో కదిలిందా?

నా ఒళ్ళు జలదరించింది గడియ తలుచుకుని కాదు. నేను ఖాయం చేసిన ఆ మంచం తలుచుకుని. కుంపటి పక్కన. చిన్నాడిది.

అయినా సెలవులకి పిల్లల్ని తీసుకుని వెళ్ళాం. వెళ్ళమా మరి? అదే బంగళా, అదే గది. నన్ను బతికించిన గదిని చూసి నేనెందుకు పారిపోవాలి! పిల్లలు ఆ చెక్కల మీద కూర్చుని తెల్లటి గడ్డి మీద కేకలేస్తూ జారారు. మా ఆయన మాత్రం దొరల్లా నిలబడే జారతానని పడి, సెలవులైపోయేదాకా కుంటుతూ నడిచారు.

కానీ నేను చెప్పాలనుకున్నది మొదటి రాత్రి సంగతి.

కుంపటి పెట్టలేదు. నాలుగు మంచాలకీ గొంగళ్ళు తెచ్చాను. చిన్నాడి మంచం కిటికీకి దూరంగా, అవతలి గోడ దగ్గర వేశాను. మూసిన గదిని ఇక నమ్మలేను, అందుకని రాయితో గడియ కొట్టి కిటికీ నేనే తెరిచి, ఆ రాయిని వరండాలో పెట్టి వచ్చాను. అందరూ పడుకున్నాక మెల్లగా అన్నాను. "ఈసారి నిప్పు లేదు. నేనే తెరిసీసాను."

"ఎవరితోనే?" అన్నారు మా ఆయన నిద్రలో.

"కిటికీతో. మీరు పడుకోండి."

తెల్లారబోతుండగా ఉలిక్కిపడి లేచాను. ముందు చిన్నాడి ఊపిరి విన్నాను. పిల్లికూతలు లేవు. గదిలో చలీ అంతగా లేదు. తల తిప్పి చూశాను.

కిటికీ మూసి ఉంది. గడియ పూర్తిగా పడి ఉంది.

మా ఆయన గుర్రు పెడుతున్నారు. గది తలుపు లోపల గొళ్ళెం నేను పెట్టింది పెట్టినట్టే ఉంది. రాయి బయటే ఉంది. చిన్నాడి దగ్గరికి వెళ్ళాను. వాడు రోజూ తన్ని పారేసే గొంగడి మెడ దాకా కప్పి, అంచు భుజం కిందికి దోపి ఉంది. దాని మీద ఎర్రగా తుప్పు మరకలు... నాలుగు. పక్క పక్కనే.

నా వేళ్ళు పెట్టి చూశాను. సరిపోలేదు. నావి పొట్టి.

ఎవరివో నాకు తెలీదు. ఇప్పటికీ తెలీదు. చిన్నాడు హాయిగా నిద్రపోతున్నాడు. గొంగడి అలాగే ఉంచి, నేనూ పోయి పడుకున్నాను.