చూడి మేక

విశ్వాసమ్మ కాపురానికి వచ్చిన పేట నాపబండ మీద ఉండేది. కమలాపురం దగ్గరి ఆ ఊరు మంచి నేలనంతా సాగుకు ఉంచుకుని, గడ్డి మొలవని బండను పేటకు వదిలింది. జానెడు లోతు తవ్వితే పార ఖంగుమని మోగేది. పేటవాళ్లు ఆ బండనే పలకలుగా లేపి బండ్లకెత్తి బతికేవాళ్లు. లేపిన చోటల్లా గుంతలు మిగిలేవి. ఇళ్లలో స్నానాలు చేసిన నీళ్లు పారి ఆ గుంతల్లో నిలిచేవి. వాటిలో దోమలు పుట్టేవి, పేటలో చలిజ్వరాలు పుట్టేవి. చెట్టంటే చర్చి వెనక ఒక్క వేప. దాన్నుంచి నీడ తప్ప మరేమీ రాదు.

తిండి జొన్న సంగటి, మిరపకాయల కారం. ఆకుకూర వానల్లోనే. కలుపుకు పోయిన ఆడవాళ్లు గురుగాకు, చెంచలాకు ఏరి ఒడిలో వేసుకొచ్చేవాళ్లు. చేను ఎవరిదైనా, కలుపులో దొరికిన కూర తీసినదానిదే. ఎంత పిసినారి ఆసామి అయినా ఆ ఒడి వంక చూడడు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన మరుసటేడు వాన రాలేదు. చేలు బీడు పడ్డాయి. కలుపు లేదు కాబట్టి కూరా లేదు.

ఆ ఏడే విశ్వాసమ్మ కోడలు కృపమణి కడుపుతో ఉంది. తల్లి లేని పిల్ల, అందుకని కానుపు అత్తింట్లోనే. పని మంచిదే గాని, సాయంత్రం ప్రార్థనకు గంట కొడితే మాత్రం గడప దాటేది కాదు. నడుం నొప్పి అనేది.

"దేవుని కాడికి పోవాల్నంటేనే వస్తాదే నీకు నొప్పి?" అని విశ్వాసమ్మ ఒకటి రెండు సార్లు దెప్పింది.

ఒకనాడు మసక పడే వేళ, కోడలు నేల మీద చేత్తో తడుముతూ కనిపించింది. చెంబు కోసం. చెంబు ఆమె మోకాలి ముందే ఉంది.

విశ్వాసమ్మ నిలబడి చూసింది. వచ్చి పక్కన కూర్చుంది.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఏంది అత్తా?"

"నాతోనా దొంగాటలు? పొద్దు మునిగితే కనపడదు గదా నీకు?"

కృపమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎవురికీ చెప్పొద్దు అత్తా. గుడ్డిదాన్ని అంటగట్టినాడని మా నాయన్ని అంటారు."

"గుడ్డి కాదే పిచ్చిదానా, రేచీకటి. నీ మొగుడు ఏసురాజు నా కడుపులో ఉన్నప్పుడు నాకూ వచ్చింది. మాయమ్మ దినామూ ఇంత ఆకు వండి పెట్టింది, పోయింది."

"ఇప్పుడు ఆకు యాడుండాది?"

విశ్వాసమ్మ మనసు దిగుడుబావి మీదికి పోయింది. పగలంతా బండల పని, నీళ్లకు పోయేది పని దిగాక, మసకలోనే. బావి మెట్లూ ఆ నాపరాతివే, పాచి పట్టి నున్నగా ఉంటాయి. కడుపుతో ఉన్న పిల్ల ఇన్నాళ్లూ వాటిని కాళ్లతో వెతుక్కుంటూ దిగిందా? రేపు బిడ్డను చంకనేసుకుని ఎట్లా దిగుతుంది?

"రేపట్నుంచి కడవ నేను తెస్తా" అంది.

ఆమె మోకాళ్లు బాగా లేవు. ఎన్నాళ్లు తేగలదో ఆమెకే తెలియదు.

ఊరి కాలువ కింద పుల్లయ్య ఆకుతోట ఉంది. తమలపాకు తీగలను అవిసె చెట్లకు పాకిస్తారు. తీగకు ఎండ తగలాలని అవిసె కొమ్మలు నరుకుతూ ఉంటారు. ఆకుతోటలోకి చెప్పులతో పోకూడదు, స్నానం చేయకుండా పోకూడదు. పేటవాళ్లు అసలే పోకూడదు. నరికిన అవిసాకును కంచె బయట వేస్తారు. మేకలున్నవాళ్లు దాన్ని తీసుకుపోయి, బదులుగా గంపెడు మేకపెంట తెచ్చి పోస్తారు. తీగకు అదే బలం.

అవిసాకు కంటికి మంచిదని విశ్వాసమ్మకు తెలుసు. పేటలో మాత్రం అది మేక మేత. వట్టి కారం నంజుకుని తిన్నా తింటారు గాని, మేక మేత వండుకున్న ఇల్లు అనిపించుకోరు. ఆకలికి కూడా ఒక రోషం ఉంటుంది.

ఆమె పోయి కంచె బయట నిలబడింది.

"మేకలెన్ని నీకు?" అని లోపలి నుంచి పుల్లయ్య అడిగాడు.

మేకలు లేవంటే ఆకు రాదు. మనిషికి అని చెబితే ఎవరికని అడుగుతాడు. తెల్లారేసరికి ఊరంతా తెలుస్తుంది.

"ఒకటే అయ్యా. చూడిది. మేత లేక నీరసంగా పడుంటాది."

"చూడిదానికి ముదురాకు ఏందమ్మా" అని పుల్లయ్య వెనక్కి పోయి, లేత కొమ్మలు విరిచి, మోపు కట్టి కంచె మీదుగా విసిరాడు. "పెంట మర్చిపోవద్దు."

ఆ సాయంత్రం నుంచి విశ్వాసమ్మ మందలు పోయే బాట వెంట వంగి వంగి నడిచింది. పక్కింటి జీవమ్మ చూసింది.

"ఏం విశ్వాసమ్మా, ముత్యాలు ఏరుతాండావా?"

"ముత్యాలే. పట్టు, నీ కొంగులో కూడా ఇన్ని పోస్తా."

ఇంట్లో ఆకు దూసి, కందిబేడలతో ఉడికించి, చింతపండు పిసికి, తెల్లగడ్డ కారం దంచి వేసి, నూనెలో తిరగబోత పెట్టింది. అయినా చేదు పోలేదు. కృపమణి ఒక ముద్ద తిని మొహం ముడుచుకుంది.

"ఇది అవిసాకు గదా. నేనేమన్నా మేకనా అత్తా?"

"మేకవే. పుల్లయ్యకు అట్లే చెప్పినా. నోరు మూసుకుని మెయ్యి."

కృపమణికి నవ్వు ఆగలేదు. నవ్వుతూనే సంగటి ముద్దలో కూర అద్దుకుంది. ఏసురాజు తల్లినీ పెండ్లాన్నీ మార్చి మార్చి చూసి, తన గిన్నె కూడా ముందుకు జరిపాడు.

రోజూ అదే కూర. విశ్వాసమ్మ పెంట గంపలు మోస్తూనే ఉంది. ఒకనాడు పుల్లయ్య కంచె దగ్గరి కుప్పను చూసి గడ్డం గోక్కున్నాడు.

"ఒక్క మేక ఇంత పెంట పెట్టిందా? ఏం మేపుతాండావమ్మా దానికి?"

"నీ ఆకే గదయ్యా."

"ఈనినాక మేకపిల్లను నాకే ఇయ్యల్ల. అంత గట్టి దాని సంతతి నాకూ కావల్ల."

"చూద్దాంలే అయ్యా" అని విశ్వాసమ్మ బిరబిరా వచ్చేసింది.

నెలలు నిండే ముందు ఒక సాయంత్రం ఆమె కడవ ఎత్తుకుంటే, కృపమణి కూడా వెంట వచ్చింది. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చోలేనంది. ఆమెను గట్టు మీద కూర్చోబెట్టి, విశ్వాసమ్మ ఒక చేత్తో గోడ పట్టుకుని దిగసాగింది. బావిలో వెలుతురు పలచబడింది.

"అత్తా" అని పైనుంచి కృపమణి పిలిచింది. "ఆ కింది మెట్టు మీద పాచి ఉండాది. పక్కకు పెట్టు కాలు."

విశ్వాసమ్మ కాలు పక్కకు పెట్టింది. కడవ ముంచబోయి ఆగింది. తలెత్తి పైకి చూసింది. గట్టు మీద కోడలు తననే చూస్తోంది.

"ఏం కనపడతాండాది నీకు?"

"నువ్వే. జుట్టు రేగి భూతం మాదిరి ఉండావు."

విశ్వాసమ్మ మెట్టు మీద కూర్చుని, రేగిన జుట్టు ముడి వేసుకుంది. తరవాత కడవ నింపుకుని పైకి వచ్చింది. మోకాళ్ల నొప్పి గురించి ఆ రోజు ఏమీ అనలేదు.

మగబిడ్డ పుట్టాడు. కానుపు హడావుడిలో విశ్వాసమ్మ తోట దిక్కు పోలేదు. ఒక ఉదయం పుల్లయ్యే పలుపు తాడు చేత పట్టుకుని పేట మొదట్లో నిలబడి ఆమెను పిలిచాడు.

"మేక ఈనిందా?"

విశ్వాసమ్మ లోపలికి పోయి, గుడ్డలో చుట్టిన మనవణ్ణి ఎత్తుకొచ్చింది. మేక లేదని, ఆకు కోడలికని, ఎందుకో కూడా చెప్పింది. పుల్లయ్య చేతిలోని తాడు వంక చూసుకున్నాడు.

"మరి ఆ పెంటంతా?"

"బాటలో ఏరినా."

పుల్లయ్య మొదట తల వంచుకున్నాడు. భుజాలు కదిలాయి. తరవాత పగలబడి నవ్వాడు. "అదీ సంగతి! ఊరి మందలన్నీ నీ ఒక్క మేక కడుపులోనే ఉండాయి." నవ్వు ఆపి అన్నాడు, "మనిషికి అని చెప్తే నేను ఇయ్యనంటానా?"

"ఇస్తావు. ఎవరికని అడుగుతావు గదయ్యా."

పుల్లయ్య కాదనలేదు. "విత్తనమిస్తా, నువ్వే ఏసుకో. దినామూ నా కంచె కాడికేల?"

"ఈడ మన్ను యాడుండాదయ్యా?"

"ఆ గుంతలకేం రోగం? ఎండిన చెరువులో మన్నుకు ఎవురు అడ్డం?"

మరునాడు కంచెకు ఎండిన అవిసె కాయల మోపు వేలాడుతోంది. ఏసురాజు చెరువు మన్ను గంపలతో మోసి ఇంటి దగ్గరి గుంతను పూడ్చాడు. స్నానాల నీళ్లను విశ్వాసమ్మ అందులోకే మళ్లించింది. అవిసె తొందరగా పెరిగే చెట్టు. వానలు దాటేసరికి మనిషెత్తు అయింది.

"మంచి పనే. ఇంక మేకను కొనుక్కో" అని జీవమ్మ నవ్వింది. కాని ఆమె రెండో కూతురు కూడా మసకలో గోడలు పట్టుకుని నడిచేది. ఒకనాడు జీవమ్మే ఒడి పట్టుకుని వచ్చింది. ఆకు దూసిపోస్తూ విశ్వాసమ్మ, "మేకకేనా?" అని అడిగింది.

"మేకకే" అంది జీవమ్మ.

తరవాత జీవమ్మ ఇంటి ముందు గుంతా పూడింది. ఆ తరవాత ఇంకోటి. నీళ్లు నిలిచే చోటు తగ్గేకొద్దీ చలిజ్వరాలు కొంత తగ్గాయి. పూర్తిగా పోలేదు. చెట్లు ముదిరి పడిపోతే మళ్లీ విత్తుకున్నారు. విశ్వాసమ్మ చివరిదాకా మేకను కొనలేదు. బాటలో పెంటికలు కనిపిస్తే మాత్రం వంగి ఏరేది. ఇప్పుడవి తన చెట్లకు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడు ఆమె బాగా ముసలిది. సాయంత్రాలు గడప మీద కూర్చునేది. వెనకటి రోజుల్లో పొద్దు వాలితే పేట పిల్లలంతా వాళ్లంతట వాళ్లే ఇళ్లు చేరి తల్లుల కొంగులు పట్టుకునేవాళ్లు. ఇప్పుడు చీకటి పడినా అవిసె చెట్ల మధ్య ఉరుకుతూనే ఉంటారు.

"పిలిస్తే ఒక్కడూ రాడు. ఎట్లా పిల్లోల్లమ్మా వీళ్లు!" అని విసుక్కుంటూ, ఆమె వాళ్లు ఆడుకున్నంతసేపూ అక్కడే కూర్చునేది.