డబ్బా చేప, నీచు పళ్లెం

చేప వాసన నాకు పుట్టుకతోనే పడదు. మా నాయన మెడలో తులసిమాల వేసుకున్న భజన మనిషి. మా పుట్టింట్లో కోడిగుడ్డు కూడా గడప తొక్కేది కాదు. నన్ను చేసుకున్నాయన ఇంట్లో మాత్రం అన్నీ తింటారు. అనంతపురంలో వేరు కాపురం పెట్టిన రోజునే నేను తేల్చి చెప్పేశాను, నా పొయ్యి మీద నీచు వండేది లేదని. ఆయనకు గుడ్డు కావాలంటే పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద తానే ఉడకేసుకోవాలి. తినడానికి ఒక సత్తు పళ్లెం ఉంది, స్నానాల గది వెనక గోడకు మేకు కొట్టి తగిలించాం. దాన్ని తోమే పీచు కూడా వేరే. ముప్పై ఏళ్లలో ఆ పళ్లెం ఒక్కసారి కూడా వంటింట్లోకి రాలేదు. ఆ సంగతి చుట్టాల ముందు గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా.

మా ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. నాలుగు నెలల కిందట ఛాతీ పట్టుకుని కూలబడిపోతే ఆస్పత్రిలో రెండు స్టెంట్లు వేశారు. "బయట నూనెలో వేయించినవి బాగా తింటారా?" అని డాక్టరు అడిగాడు. ఆయన నా మొహం చూశాడు. ఇంటికి తెచ్చుకున్నాక నేను నూనె తగ్గించాను, ఉప్పు తగ్గించాను, కారం తగ్గించాను. ఆయన తిండే తగ్గించేశాడు. సంగటి పెడితే రెండు వేళ్లతో కెలికి, "గడ్డి మాదిరి ఉండాది, నాకొద్దు" అని లేచిపోయేవాడు. బతిమాలాను, తిట్టాను, అలిగాను. పంచె నడుము మీద నిలవక, దాని మీద బెల్టు బిగించుకుని తిరిగే దాకా వచ్చింది.

పోయిన నెల డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. "ఈయన తినకపోతే మందులు ఒంటికి పట్టవమ్మా. ఇంకా బరువు తగ్గితే మళ్లీ ఆస్పత్రిలో చేర్చుకోవాల్సి వస్తుంది. ఈసారి తట్టుకోవడం కష్టం. చేప పెట్టండి, గుండెకు మంచిది" అన్నాడు. గది బయట కూర్చున్న మా ఆయనకు ఆ చివరి మాట ఎలా వినబడిందో గానీ తల ఎత్తి చూశాడు. మూడు నెలల తర్వాత ఆ కళ్లలో కాస్త ప్రాణం కనబడింది. నేను మాత్రం అక్కడే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను.

ఆ రోజే బెంగళూరులో ఉద్యోగం చేసే కూతురికి ఫోన్ చేసి, చేపను చేత్తో ముట్టుకోవడం నా వల్ల కాదని ఏడ్చాను. అది వెంటనే రెండు డబ్బాల చేప, ఒక సీసా ఆలివ్ నూనె పంపించి, అవి అందాక ఎలా చేయాలో ఫోన్‌లో చెప్పింది.

"కడిగే పని లేదు, కోసే పని లేదు మా. కాబూలీ శనగలు ఉడకబెట్టు. ఎర్రగడ్డ, టమేటా, కొత్తిమీర సన్నంగా తరుగు. డబ్బాలో చేప మెదిపి కలుపు. నిమ్మకాయ పిండి, ఆ నూనె రోంత పోయి. పొయ్యి మీద పెట్టనేకూడదు."

"పొయ్యి మీద పెట్టకుండా చేపనా?"

"అది ఉడికిందే మా. మధ్యధరా సముద్రం పక్కన ఉండేవాళ్లు అన్నానికి ముందు తింటారు, ఆకలి పుట్టేదానికి."

"సముద్రం పక్కనే ఉండి డబ్బాలో చేప తినేదేం ఖర్మే? ఆడ కూడా నీళ్లు ఎండిపోయినాయా?" అన్నాను. అది నవ్వి ఫోన్ పెట్టేసింది.

ఆలివ్ నూనె సంగతి నాకు కొత్త కాదు. మందుల షాపులో చిన్న డబ్బా కొని, ఈ కూతురికే పసిపిల్లప్పుడు ఒళ్లంతా పూసి నీళ్లు పోశాను. ఊరి నిండా గానుగ పట్టిన చెనక్కాయల నూనె పెట్టుకుని, బిడ్డకు పూసే నూనె మొగుడికి తినిపించాలి. కలికాలం కాకపోతే ఏంటిది!

ముక్కుకు కొంగు చుట్టుకుని పెరట్లో బండ మీద కూర్చున్నాను. డబ్బా రింగు లాగగానే మూత చర్రున లేచింది. అబ్బా, ఆ వాసన! పేగులు నోట్లోకి వచ్చాయి. లోపల నాలుగు చేపలు తోలుతో సహా ఒకదానికొకటి అతుక్కుని పడుకున్నాయి. తల లేదు, తోక లేదు, ఎముకలు మాత్రం ఉన్నాయి. పసుపు పచ్చని నూనె నా వేళ్ల మీద కారింది. ఛీ! వెంటనే చెయ్యి మట్టిలో రుద్దుకున్నాను.

ఇంత వాసన కొట్టేదాన్ని కడగకుండా ఎలా పెడతారు? కూతురు పట్నంలో బతికే పిల్ల, దానికేం తెలుసు అనిపించింది. పక్కింటి సాయిబుల కోడలు చేపలు బాగా వండుతుంది. గోడ మీది నుంచి పిలిచి, చేప ఎలా కడగాలో అడిగాను. డబ్బా మాట మాత్రం చెప్పలేదు.

"ఏమక్కా, మీ ఇంట్లో చేపనా? ఈపొద్దు వాన వస్తాదిలే!" అని పకపకా నవ్వింది. "రాళ్లుప్పు, పసుపు ఏసి గట్టిగా రుద్దల్ల. చింతపండు నీళ్లతో కడగల్ల. నీచు పోయేదాకా ఇడ్సకూడదు."

విడిచిపెట్టలేదు. కళ్లు మూసుకుని, రాళ్లుప్పు వేసి రుద్దాను. మొదటి కడుగుడికి తోలు ఊడింది. రెండో కడుగుడికి కండ విడిపోయింది. నాలుగోసారి చింతపండు నీళ్లు వంచేసరికి గిన్నెలో మిగిలింది గుప్పెడు ముళ్లు, మిగతాదంతా పసుపు రంగు గంజి. వీధి పిల్లి ఎక్కడి నుంచి వచ్చిందో, కాలవ దగ్గర కూర్చుని దాన్ని నాకుతోంది. వాసన మాత్రం పోలేదు. నా గోళ్ల సందుల్లోకి ఎక్కి కూర్చుంది.

ఇక మిగిలింది ఒక్క డబ్బా. ఆయన పొద్దుటి నుంచి ఖాళీ కడుపుతో మంచం మీద అటు తిరిగి పడుకుని ఉన్నాడు. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు భయపడితే ఎలా? రెండోది తెరిచి, కడగకుండా ఉడకబెట్టి పెట్టుకున్న శనగల్లో వంచాను. చెంచాతో మెదిపితే ఎముక సరిగా మెదగలేదు. చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని పిసికాను. కవరు చిరిగింది. చల్లటి చేప, జిడ్డు నూనె, మెత్తటి వెన్నెముక నా అరచేతిలో నలిగాయి. రెండుసార్లు లేచి కాలవ దగ్గరికి పరిగెత్తాను. నోట్లో నీళ్లూరాయి గానీ వాంతి కాలేదు. ఎర్రగడ్డ, టమేటా వేశాను, కొత్తిమీర వేశాను, రెండు నిమ్మకాయలు పిండి ఆ ఆలివ్ నూనె పోశాను. గోడ మీది సత్తు పళ్లెం దించి అందులో పెట్టి, పక్కన జొన్నరొట్టె ముక్కలు కరకరలాడేలా కాల్చి వేశాను.

ఆయన లేచి కూర్చున్నాడు. వాసన చూశాడు. రొట్టె ముక్క మీద కాస్త ఎత్తుకుని నోట్లో పెట్టుకున్నాడు. కరకరమని నలిగిన చప్పుడు నాకు వినబడింది, రొట్టెదో ఎముకదో. నేను తలుపు దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను.

"ఎట్లుండాది?"

"బాగలేదు" అన్నాడు. ఇంకో ముక్క తీసుకున్నాడు. "పులుపు శానా ఏసినావు." ఇంకో ముక్క. పళ్లెం అంచు వేలితో తుడిచి నాకాడు. మూడు నెలల్లో ఆయన పళ్లెం ఖాళీ చేయడం అదే మొదటిసారి.

"ఇదేదో ముప్పై ఏండ్ల కిందనే చేసింటే, నేను ఆ చెరువు కట్ట మీదికి ఏటికి పోతాంటి?" అన్నాడు నింపాదిగా.

ఆ చెరువు కట్ట బుక్కరాయసముద్రంలోది. డ్యూటీ లేని రోజల్లా అక్కడ బండి దగ్గర చేప వేయించుకుని తిని వచ్చేవాడు. బాణలిలో నూనె తారులా నల్లగా ఉండేది. నాకు తెలియక కాదు. చొక్కా వాసన పట్టి, స్నానం చేస్తే గానీ లోపలికి రానిచ్చేదాన్ని కాదు. వాసన గురించి అడిగాను గానీ, ఏ నూనెలో వేయించింది తిన్నావని ఒక్కనాడూ అడగలేదు.

ఒళ్లు మండి, "నోరు తెరిచి అడిగినావా ఎప్పుడన్నా?" అన్నాను.

"అడిగినా. పెండ్లైన ఏడు. రెండు చేపలు నేనే కడిగి తెచ్చిస్తి, మసాలా నూరిమ్మంటి. నువ్వు గిన్నెతో సహా మోరీలో పారేస్తివి."

నాకు గుర్తొచ్చింది. కొత్త స్టీలు గిన్నె అది. ఆయన మోరీ కాలవలోంచి గిన్నె మాత్రం తీసి, కడిగి, బయటికి వెళ్లిపోయాడు. అంతవరకు చేపను చూసి పడిన రోత, ఆ క్షణంలో నా మీదికే తిరిగింది.

పళ్లెం తీసుకుని పెరట్లోకి నడిచాను. వేరే పీచు కోసం చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాను. పళ్లెం వంటింట్లోకి తెచ్చి, మా పీచుతోనే తోమాను. మూడుసార్లు కడిగాను, ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఛీ, ఇంకా కొడుతోంది. అలాగే తీసుకెళ్లి మా పళ్లేల మధ్య బోర్లించాను.