శ్రుతిపెట్టె పక్కన పీట

ఆ ఆదివారం పొద్దున్నే మా ఆవిడతో గొడవ పెట్టుకున్నాను. కారణం శ్రుతిపెట్టె. తొంభైల్లో భీమవరంలో ఒక ఐసు ఫ్యాక్టరీలో కంప్రెసర్ ఆపరేటరుగా పనిచేసేవాణ్ణి. అది కూటి కోసం. వయొలిన్ మాత్రం నా పిచ్చి. డ్యూటీకి వెళ్ళేలోపు కాసేపు సాధన చేసుకోకపోతే ఆ పూట అన్నం సహించేది కాదు. ఆ రోజు స్నానం చేసి, చాప పరుచుకుని, శ్రుతిపెట్టె స్విచ్చి వేశానో లేదో, షడ్జం వంకరగా వినపడింది. మర తిప్పి సరిచేశాను. హమ్మయ్య అనుకుని వయొలిన్ కమాను తీసుకోవడానికి ఇటు తల తిప్పేసరికి మళ్ళీ కిందికి జారింది.

దుమ్ము దులుపుతూ మర కదిపింది నువ్వేనా అని పెరట్లో బట్టలుతుకుతున్న మా ఆవిడ మీద కేకలేశాను. నెల్లాళ్ళుగా రోజూ ఇదే దండకం. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మీ పెట్టె జోలికి నేనెందుకొస్తానండీ? నాకు బానే వినపడుతోంది. అది సరే, కుక్కరు ఇందాకణ్ణించి కూతలు కూస్తోంది, కాస్త దింపొచ్చు కదా?"

శ్రుతి గురించి నీకేం తెలుసని కసిరాను. కుక్కరు కూత మాత్రం నాకు వినపడలేదు మరి. ఆలోచనలో పడి వినుండననుకున్నాను. పప్పు మాడింది. ఆ మాడిన పప్పే కారియర్లో పెట్టుకుని సైకిలెక్కాను.

అప్పట్లో చుట్టుపక్కల ఊళ్ళన్నీ వరి మానేసి రొయ్యల చెరువులు తవ్వేస్తున్నాయి. చెరువుల్లో రొయ్యలు పట్టే పట్టుబడి రోజుల్లో ఐసు కోసం మా ఫ్యాక్టరీ ముందు లారీలు, ట్రాక్టర్లు బారులు తీరేవి. మిషనుకి పగలూ రాత్రీ లేదు, ఆదివారం అసలే లేదు. కంప్రెసర్ గదిలోకి అడుగు పెడితే పక్కనున్న మనిషి మాట పక్కనున్న మనిషికి వినపడదు. మిగతా ఆపరేటర్లు చెవుల్లో దూది కూరుకునేవారు. నేను ఏనాడూ పెట్టుకోలేదు. చెవిలో దూది ఉంటే మిషను ఏమంటోందో తెలియదని నా వాదన. బేరింగు అరగడం మొదలైతే రొద కాస్త మారుతుంది. గ్యాసు తగ్గితే ఇంకోలా మారుతుంది. మీటరు ముల్లు కదిలేలోపే నేను పసిగట్టేవాణ్ణి. సంగీతం చెవి అంటే అదీ అని మా ఓనరుగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవారు. పొగిడితే ఎవడికి చేదు? ఇంకా దగ్గరగా కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. ఇంకో విషయం కూడా ఉంది. ఆ కంప్రెసర్ హోరు అచ్చం మా సంగీతం గుంపులో పాడే టీచరుగారి షడ్జం. నా అదృష్టం కొద్దీ ఉద్యోగంలో కూడా తంబూరా దొరికిందని మురిసిపోయేవాణ్ణి. దాని పక్కన కూర్చుని, ఎవరికీ వినపడదన్న ధైర్యంతో గొంతెత్తి కల్యాణి పాడుకునేవాణ్ణి. ఇంటికొచ్చాక కూడా ఆ హోరు చెవుల్లో చాలాసేపు ఉండేది. అది పోవడం లేదని ఎప్పుడు గమనించానో గుర్తు లేదు. అలవాటైపోయింది.

ఆ రోజు పదకొండింటప్పుడు అవతలి షెడ్డు నుంచి రెండో ఆపరేటరు పరిగెత్తుకుంటూ వచ్చి, నా ముందు నుంచే చెయ్యి చాపి మోటారు ఆపేశాడు. మిషను నెమ్మదించాక నా వైపు వింతగా చూశాడు.

"ఏంటండీ, బెల్టు అంతలా కీచుమని అరుస్తుంటే అలా కూర్చున్నారు? గేటు దాకా వినపడుతోంది."

చూస్తూనే ఉన్నాను, ఇప్పుడే ఆపబోతున్నాను అన్నాను. అబద్ధం. నాకు బెల్టు అరుపు వినపడనే లేదు. అతను చెవుల్లోంచి దూది తీసి జేబులో పెట్టుకుంటున్నాడు. దూది పెట్టుకున్నవాడికి అవతలి షెడ్డులో వినపడింది, పక్కనే కూర్చున్న నాకు వినపడలేదు. బెల్టు మారుస్తున్నంతసేపూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిద్ర చాలలేదనుకున్నాను, జలుబు చేసిందనుకున్నాను, ఎండ అనుకున్నాను. మనిషికి కారణాలు దొరక్కపోవడం అంటూ ఉండదు కదా!

సాయంత్రం టీచరుగారింట్లో మా గుంపు కూర్చునేది. హైస్కూల్లో పనిచేసి రిటైరైన ఆవిడ, చిన్నప్పుడు నేర్చుకున్న సంగీతాన్ని వదలకుండా పట్టుకున్నారు. ఆవిడ పాట, నా వయొలిన్, బ్యాంకు గుమాస్తా ఒకాయన మృదంగం. కచేరీ విద్వాంసులం కాము. ఏడాది పొడుగునా ఆవిడ వీధి అరుగు మీద వాయించుకుని, శ్రీరామనవమికి వాళ్ళ వీధి చివర పందిట్లో ఒక్క రోజు నలుగురి ముందూ కూర్చునేవాళ్ళం. పానకం కోసం వచ్చినవాళ్ళే మా శ్రోతలు. ఆ ఒక్క రోజు కోసం నేను మిగతా ఏడాదంతా ఐసు దిమ్మల మధ్య బతికేవాణ్ణంటే అతిశయోక్తి కాదు. ఆ ఆదివారానికి నవమి ఇంక వారమే ఉంది.

మా గుంపులో ఎవరూ నోటితో చెప్పని ఆనవాయితీ ఒకటి ఉండేది. ఎవరికైనా వాయించే శక్తి తప్పితే ఇంక రావద్దని అనేవాళ్ళు కాదు. శ్రుతి చూసుకోండి అనేవాళ్ళు. అంటే టీచరుగారి వెనక, శ్రుతిపెట్టె పక్కన పీట మీద కూర్చోవాలి. కరెంటు పోతే వెంటనే పెట్టెని బ్యాటరీకి మార్చాలి. అంతే పని. అంతకుముందు ఆ పీట మీద వేణువు వాయించే పెద్దాయన కూర్చునేవారు. పళ్ళూడిపోయాక ఊపిరి నిలవక వేణువు వదిలేశారు. పట్టుపంచె కట్టుకుని, మర మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని కూర్చునేవారు. మర్యాదకి లోటు లేదు. నేను మాత్రం ఆయన వైపు చూడకుండా వాయించుకునేవాణ్ణి. ఆయన పోయిన దగ్గర్నుంచి పీట ఖాళీగానే ఉంది.

ఆ సాయంత్రం టీచరుగారు ఆలాపన మొదలుపెట్టారు. నేను వెంట నడిచాను. కాస్త దూరం వెళ్ళి ఆపారు. మంచినీళ్ళు తాగి మళ్ళీ ఎత్తుకున్నారు. మళ్ళీ ఆపారు. మృదంగం ఆయన వంగి నేలకేసి చూస్తున్నారు. నేను వయొలిన్ దింపి, పెట్టె శ్రుతి నిలవడం లేదండీ, మా ఇంట్లో పెట్టెకీ ఇదే రోగం అన్నాను. మాట నోట్లోంచి వచ్చాక నాకే అనుమానం వచ్చింది. రెండు ఇళ్ళల్లో రెండు పెట్టెలు ఒకేసారి పాడవుతాయా?

ఎడమ చెవి వేలితో మూశాను. షడ్జం శుభ్రంగా ఉంది. ఆ వేలు తీసి కుడి చెవి మూశాను. అదే పెట్టె, అదే షడ్జం, కిందికి జారింది. మళ్ళీ అటు మూశాను, ఇటు మూశాను. ఒకే స్వరం నా రెండు చెవుల్లో రెండుగా ఉంది. వయొలిన్ ఎడమవైపు కదా ఉండేది. ఆ చెడిన చెవితో విని, దాన్నే నమ్ముకుని, నెల రోజులుగా పెట్టె మర తిప్పుతున్నాను, తీగలు బిగించే బిరడాలు తిప్పుతున్నాను, మా ఆవిణ్ణి తిడుతున్నాను. ఫ్యాక్టరీలో కంప్రెసర్ కూడా నాకు ఎడమ పక్కనే.

టీచరుగారు నన్నే చూస్తున్నారు. ఆవిడ కళ్ళల్లో ఆశ్చర్యం లేదు. అది చూశాకే అర్థమైంది, వాళ్ళకి ఎప్పుడో తెలుసని.

"పెట్టె బానే ఉందండీ," అన్నారు నెమ్మదిగా. "చాలా రోజుల్నించి అనుకుంటున్నాను, నోరు రాలేదు. ఈసారి నవమికి మీరు శ్రుతి చూసుకోండి."

మృదంగం ఆయన తల ఎత్తలేదు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. వెంటనే ఏడుపొచ్చింది. నలభై దాటిన మనిషిని, వీధి అరుగు మీద కూర్చుని ఏడిస్తే ఏం బావుంటుందని మింగేశాను. అలాగేనండీ అన్నాను. కమాను బిగువు వదులు చేసి, వయొలిన్ మీద గుడ్డ కప్పి, దాని పెట్టె మూత వేశాను. రోజూ చేసే పనే. చేతులు వాటంతట అవే చేశాయి. లేచి వెళ్ళి ఆవిడ వెనక పీట మీద కూర్చున్నాను.

ఆవిడ మళ్ళీ మొదలుపెట్టారు. నా జాగా ఖాళీగా ఉంది, ఆవిడ పాడి వదిలిన చోటల్లా బదులు లేకుండా ఉండిపోతోంది. నేను పెద్దాయనలాగే మర మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాను. కనీసం ఈ పని సరిగ్గా చేద్దామనుకున్నాను. శ్రుతి గట్టిగా, నిలకడగా మోగుతోంది. వాయించలేకపోతేనేం, వినడానికి అడ్డేముందని మనసుకి నచ్చజెప్పుకుంటున్నాను. నిజంగానే కాస్త కుదుటపడ్డాను.

పాట ఆగింది. మృదంగం ఆగింది. కళ్ళు తెరిచేసరికి ఇద్దరూ వెనక్కి తిరిగి నా వైపు చూస్తున్నారు.

"కరెంటు పోయిందండీ," అన్నారు టీచరుగారు.

"శ్రుతి వస్తోంది కదండీ," అన్నాను.

మృదంగం ఆయన పెట్టె కేసి చెయ్యి చూపించారు. నేను పెట్టె వైపు చూశాను. ఎర్ర దీపం ఆరిపోయి ఉంది. నా చెయ్యి ఇంకా మర మీదే ఉంది. షడ్జం నాకు వినపడుతూనే ఉంది.