బస్తా ఎగరదు

నలభై ఏళ్లు గోదాములో బస్తాలు మోసిన తాత టీవీలో నలుపు తెలుపుల నాటి కుస్తీ చూస్తున్నాడు. కొండలాంటి వస్తాదు ఓ బక్కవాణ్ణి అమాంతం నెత్తిమీదికెత్తాడు. తాతకి ఒళ్లు మండింది. ఏ బస్తా తనకంత తేలిగ్గా లేవలేదు మరి! అదే పట్టు మళ్లీ నెమ్మదిగా చూపిస్తే, ముక్కు తెరకి ఆనించి చూశాడు. బక్కవాడే మునివేళ్లమీద ఎగురుతున్నాడు.

“దొంగవెధవ! వాడే సాయం చేస్తున్నాడే!” అన్నాడు, మోకాళ్లు అరిగి నడవలేని భార్యతో.

“చూసింది చాలుగానీ, నన్ను కుర్చీలో కూర్చోబెట్టవయ్యా.”

తాత రోజూలాగే ఆమెను మంచం అంచునుంచి ఎత్తాడు. ఈసారి ఆమె పాదాలకేసి చూశాడు. కుడికాలి బొటనవేలు నేలను గట్టిగా తన్నింది.

“నువ్వూనా!”

“మరి? నాలుగేళ్లుగా అంతా నీ బలమే అనుకున్నావా?”